నాన్న కొన్న పాత ట్రాలీ: అమ్మేయాలా, బాగుచేయాలా?

దాళ్వా_రైతు | ఫిబ్రవరి 11, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేవాడినే, రాయడం ఇదే మొదలు. మాది తణుకు దగ్గర పల్లె. నాన్న 1994లో కొన్న రెండు చక్రాల ట్రాక్టర్ ట్రాలీ ఒకటి చింతచెట్టు కింద ఆరేళ్లుగా పడి ఉంది. పొడవు పది అడుగులు, వెడల్పు ఆరు. అడుగు రేకుకు నాలుగుచోట్ల చెయ్యి దూరేంత చిల్లులు. ఎడమ టైరు గాలి పోయి నేలలోకి దిగబడింది. వెనక తలుపు బందులు బిగుసుకుపోయి సుత్తికి కూడా లొంగడం లేదు.

పాత ఇనుము వ్యాపారి వచ్చి బరువు లెక్కన తీసుకుంటానన్నాడు. అమ్మ మాత్రం "దాన్ని కాటా ఎక్కిస్తే దానితోపాటు నన్నూ ఎక్కించు" అంటోంది. నాన్న పోయి నాలుగేళ్లయింది. ఆ మాట తర్వాత నాకు నోరు పెగల్లేదు.

ఏప్రిల్‌లో దాళ్వా (రెండో పంట వరి) కోతలు. ఈలోపు బాగవుతుందా? రేకు మార్చి రంగు కొడితే చాలని మా ఊరి వెల్డరు అంటున్నాడు. మీరేమంటారు?

వెల్డింగ్_మేస్త్రి | ఫిబ్రవరి 11, రాత్రి 10:02

రేకు చూసి ట్రాలీ కొనేవాళ్లు, రేకు చూసి అమ్మేవాళ్లు ఉన్నంతకాలం మా షెడ్డుకు పనికి కొదవ లేదు. తెనాలిలో ముప్పై ఏళ్లుగా చూస్తున్నది ఇదే. తమ్ముడూ, బరువు మోసేది రేకు కాదు. దాని కింద చట్రంలా ఉన్న ఇనుప ఛానెళ్లు, ఇరుసు, కుదుపు ఆపే కమాను కట్టలు, ట్రాక్టర్‌కు తగిలించే ముందు లాగుడు కడ్డీ. అవి బాగుంటే ట్రాలీ బతికినట్టే. అవి పోతే పైన కొత్త రేకు వేయడం వృథా.

జాకీ పెట్టి లేపండి. కానీ ఒక్క జాకీని నమ్మి కిందకు దూరవద్దు. రెండు వైపులా మొద్దు దుంగలు పెట్టండి. తీగ బ్రష్షుతో మట్టి, పాత గ్రీజు గీకేసి, చిన్న సుత్తితో ప్రతి జానెడుకూ తట్టుకుంటూ పోండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. కుళ్లినది మూగగా పలుకుతుంది, పెచ్చులు రాలుతాయి. ముఖ్యంగా మూడు చోట్లు చూడండి: లాగుడు కడ్డీ రెండు కాళ్లూ కొక్కెం పలక దగ్గర కలిసే చోటు, కమాను కట్టల కొనలు వేలాడే బ్రాకెట్లు, ఇరుసు కమాను మీద కూర్చునే చోటు. పగులు నోరు తెరుచుకుని కనబడదు. రంగు మీద వెంట్రుకవాసి ఎర్రగీతలా తుప్పు కారి ఉంటుంది. అదే గుర్తు.

కాగితాల_పులి | ఫిబ్రవరి 12, ఉదయం 6:45

గ్రైండరు చేతబట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి! ఛాసిస్ నంబరు ఎక్కడ కొట్టి ఉందో మొదట వెతకండి. సాధారణంగా లాగుడు కడ్డీ మీదో ముందు ఛానెల్ మీదో ఉంటుంది. తుప్పుతో పాటు ఆ అంకెలనూ అరగదీసి, ఆ తర్వాత ఆర్.సి. పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లను చూశాను.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రాలీ కూడా వాహనమే. దాని రిజిస్ట్రేషన్ దానిదే, ట్రాక్టర్‌ది ట్రాక్టర్‌దే. మీ నాన్నగారి పేరు మీదే ఉండిపోయి ఉంటుంది కదా. వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31 పెట్టాలి. ఈ పని ఎప్పుడో చేయవలసింది. రంగు ఆరేలోపు అదీ మొదలుపెట్టండి.

దాళ్వా_రైతు | ఫిబ్రవరి 12, ఉదయం 7:20

అయ్యో, పులి గారూ. నిన్న సాయంత్రమే కుడివైపు కాస్త గ్రైండింగ్ చేశాను. గుండె ఝల్లుమంది. ఆర్.సి. పుస్తకం బీరువాలో దొరికింది, నంబరు అందులో ఉంది. ఇనుము మీద మాత్రం నాలుగు పొరల రంగు ఉంది. పైన నీలం, దాని కింద ఆకుపచ్చ, ఇంకా కింద ఎరుపు. అప్పుడప్పుడు ఉగాదికి నాన్న ఏదో ఒక రంగు కొట్టేవాడు.

ఇందూరు_పసుపు | ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 1:15

చర్చ మంచి ఊపులో ఉండగా నా గొడవ ఒకటి. మా నిజామాబాద్ వైపు దీన్ని ట్రాలీ అంటాం. మా వియ్యంకులది గుంటూరు జిల్లా, వాళ్లు ట్రక్కు అంటారు. పెళ్లి మాటలప్పుడు "మా ట్రక్కులో సామాను పంపిస్తాం" అంటే లారీ వస్తుందనుకుని సందు చివర కొమ్మలు కూడా కొట్టించాం. మీ గోదావరి వాళ్లేమంటారు?

రొయ్యల_చెరువు | ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 1:40

మా భీమవరం పక్క తొట్టి అని కూడా అంటారు. పేరు ఏదైనా కుళ్లడం ఒకటే. ఉప్పుగాలికి మా తొట్లు మూడేళ్లకే ముసలివైపోతాయి.

దాళ్వా తమ్ముడూ, ఆ ట్రాలీలో పొటాష్ తోలేవారా? పొటాష్ ఎరువు అంటే పొటాషియం క్లోరైడే, మన వంటింటి ఉప్పుకు వరసకు తమ్ముడు. గాలిలో తేమను పీల్చుకుని ఇనుమును తినేస్తుంది. బస్తా చిరిగి మూలల్లో పడింది ఊడ్చకుండా వదిలితే, పక్క రేకు అడుగు రేకును కలిసే అతుకు దగ్గరే మొదట చిల్లు పడుతుంది.

దాళ్వా_రైతు | ఫిబ్రవరి 15, రాత్రి 8:30

మేస్త్రి గారు చెప్పినట్టే సుత్తితో తట్టాను. ఛానెళ్లు మంచివే. ఖంగుమంటుంటే మనసు కుదుటపడింది. చిల్లులన్నీ, చెరువు గారు అన్నట్టే, అతుకుల వెంబడే ఉన్నాయి.

కానీ లాగుడు కడ్డీ ఎడమ కాలికి ఎర్రగీత దొరికింది. దాదాపు రెండంగుళాలు. అక్కడ ఎవరో ఎప్పుడో చతురస్రంగా ఒక పలక ముక్క అతికించారు. పగులు సరిగ్గా ఆ పలక అంచు నుంచే మొదలైంది. బలానికని వేసిన ముక్క దగ్గరే విరగడం ఏమిటో అర్థం కాలేదు.

వెల్డింగ్_మేస్త్రి | ఫిబ్రవరి 15, రాత్రి 9:55

అర్థం కాకపోవడానికేముంది. కడ్డీకి అడ్డంగా వెల్డింగ్ చేశారు. లాగినప్పుడల్లా కడ్డీ కొంచెం వంగి లేస్తుంది. పలక ఉన్నచోట వంగదు, లేనిచోట వంగుతుంది. ఆ రెండూ కలిసే గీత మీదే దెబ్బంతా పడుతుంది. పైగా వెల్డింగ్ వేడి తిన్న ఇనుము అక్కడే ఉంది.

పాత పలకను కోసి తీసేయండి. పగులు రెండు కొనల దగ్గర చిన్న రంధ్రాలు వేయండి, ఇక ముందుకు పాకదు. పగులు పొడవునా గ్రైండరుతో 'వి' ఆకారంలో గాడి తీసి, అడుగు నుంచి వెల్డింగ్ నింపించండి. తర్వాత దాని మీద పలక వేయాలి. అయితే చతురస్రం కాదు, రెండు కొనలూ సూదిగా ఉండే పలక, నువ్వుల అచ్చు ముక్క ఆకారం అనుకోండి. ఏటవాలు అంచుల వెంబడి అతకాలి. కడ్డీకి అడ్డంగా వెల్డింగ్ గీత ఉండకూడదు.

రాడ్డు 7018 రకం వాడమనండి. అది తేమ తగలకూడని రాడ్డు. ఏడాదిగా గోనెసంచిలో పడి ఉన్నది తెచ్చి కొడితే, పైకి అందంగా కనబడి లోపల పగిలే వెల్డింగ్ వస్తుంది. రేకు పనికి మామూలు 6013 సరిపోతుంది.

ఇంకొకటి. వెల్డింగ్ పెట్టేముందు ట్రాక్టర్ విప్పేసి దూరంగా పెట్టండి. ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చేసే చోటికి దగ్గరలోనే పట్టించాలి. సోమరితనంతో చక్రానికి తగిలిస్తారు కొందరు. కరెంటు చక్రాల బేరింగుల గుండా పోయి, లోపలి రోలర్ల మీద మచ్చలు పడతాయి. నెల తిరిగేలోపు బేరింగు ఏడవడం మొదలుపెడుతుంది. కమాను పట్టీ విరిగితే దానికి వెల్డింగ్ మాట ఎత్తవద్దు. ఆ వేడికి పట్టీ పదును పోతుంది, మళ్లీ అక్కడే విరుగుతుంది. పట్టీ మార్చడమే.

సీమ_వేరుశనగ | ఫిబ్రవరి 16, ఉదయం 5:50

అడుగుకు 5 మిల్లీమీటర్ల రేకు వేయించండి అన్నా. మళ్లీ జన్మలో మార్చక్కరలేదు. మా అనంతపురంలో రాళ్లు తోలేవాళ్లందరూ అంతే.

వెల్డింగ్_మేస్త్రి | ఫిబ్రవరి 16, ఉదయం 8:10

రాళ్లు తోలే బండి వేరు, ధాన్యం తోలే బండి వేరు సీమ గారూ. ఇనుప రేకు ఒక చదరపు మీటరుకు, ఒక మిల్లీమీటరు మందానికి 7.85 కిలోలు తూగుతుంది. పది అడుగులు, ఆరడుగులు అంటే దాదాపు 5.57 చదరపు మీటర్లు. అంటే మందం ఒక్కో మిల్లీమీటరు పెరిగినప్పుడల్లా 44 కిలోలు. 3 మిల్లీమీటర్లయితే 131 కిలోలు, 5 అయితే 219. ఆ తేడా 88 కిలోలు ఒక బస్తా ధాన్యం బరువు కంటే ఎక్కువ. ప్రతి ట్రిప్పుకూ అది ఊరికే మోయాలి. ఈయనకు 3 చాలు. అడ్డ ఛానెళ్ల మధ్య దూరం ఎక్కువైతే మధ్యలో ఒక కోణపు పట్టీ అదనంగా వేయించుకోవాలి.

సీమ_వేరుశనగ | ఫిబ్రవరి 16, ఉదయం 8:31

లెక్క చెప్పి నోరు మూయించారు. రాళ్లకు మాత్రం నా మాటే నెగ్గుతుంది.

దాళ్వా_రైతు | ఫిబ్రవరి 24, రాత్రి 9:40

కడ్డీ పని అయింది. పాత పలక కోసేస్తే లోపల తుప్పు బూడిదలా రాలింది. రేకు కూడా వేశారు. వెనక తలుపు బందుల మేకులను మూడు రోజులు డీజిల్‌లో నానబెడితే కదిలాయి. చిన్న కొక్కేలను అమ్మ చింతపండు పులుసులో వేసి ఉంచింది. ఇత్తడి బిందెకు చేసేదే దీనికీ చేసింది. రెండు రోజులకు తుప్పు మెత్తబడి బ్రష్షుకు ఊడొచ్చింది.

పక్క రేకులు ఇంకో అడుగు ఎత్తు పెంచితే గడ్డి ఎక్కువ పడుతుందని మా తమ్ముడు పట్టుపడుతున్నాడు. చేయవచ్చా?

కాగితాల_పులి | ఫిబ్రవరి 24, రాత్రి 10:15

చట్టంలో 52వ సెక్షన్ చదవమనండి మీ తమ్ముడిని. ఆర్.సి.లో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా మార్పులు చేయకూడదు. గడ్డి కోసం విప్పుకునే చువ్వలు పెట్టుకోవడం ఒకటి, కొలతలు మార్చి రేకు అతకడం మరొకటి. రెండు చక్రాల ట్రాలీ ఎత్తు పెరిగితే మలుపులో తూలడం కూడా ఎక్కువవుతుంది. చట్టం లేకపోయినా అది మాత్రం ఉంటుంది.

రొయ్యల_చెరువు | ఫిబ్రవరి 25, ఉదయం 7:05

రంగు సంగతి. కింది వైపు అంతా కాలిన ఇంజన్ ఆయిల్ పూసేయండి. ఖర్చు లేదు, తుప్పు రాదు. మేమందరం అదే చేస్తాం.

వెల్డింగ్_మేస్త్రి | ఫిబ్రవరి 25, ఉదయం 9:20

మీరందరూ అదే చేస్తారు, మూడేళ్లకొకసారి మీరందరూ నా దగ్గరికే వస్తారు. ఆయిల్ మీద దుమ్ము అంటుకుంటుంది, దుమ్ము తడిని పట్టి ఉంచుతుంది. ఆయిల్ పూసినచోట మళ్లీ వెల్డింగ్ చేయాలంటే పొగతో కళ్లు పోతాయి. దాని మీద రంగు కూడా నిలవదు.

ఊడే తుప్పంతా గీకి, డీజిల్‌తో కాదు, థిన్నర్‌తో తుడిచి, ఆరగానే అదే రోజు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టాలి. రాత్రి మంచు తగలనిస్తే ఉదయానికి ఇనుము మీద మళ్లీ ఎర్ర పూత లేస్తుంది. తర్వాత ఎనామెల్ రెండు పూతలు. అతుకుల సందుల్లోకి, ఛానెల్ లోపలి వైపుకూ బ్రష్షు పోవాలి. బయటి నుంచి ఎవరైనా కొడతారు. అడుగు రేకు వాలుగా ఉన్న మూలల్లో వేలు లావు రంధ్రాలు రెండు వేయించండి, నీరు నిలవకుండా.

రొయ్యల_చెరువు | ఫిబ్రవరి 25, ఉదయం 9:34

మేస్త్రీ, మీరు నన్ను గుర్తుపట్టారా ఏమిటి?

దాళ్వా_రైతు | మార్చి 9, రాత్రి 8:05

కష్టమొచ్చింది. చక్రాలు విప్పి, పాత గ్రీజు తీసేసి, కొత్త బేరింగులు వేశాం. గట్టిగా ఉండాలని నట్టును పెద్ద పానాతో బిగించి, అది తిరగకుండా స్ప్లిట్ పిన్ పెట్టాను. ఈ రోజు ఖాళీ ట్రాలీతోనే నాలుగు కిలోమీటర్లు వెళ్లి దిగి చూస్తే కుడి హబ్బు (చక్రం మధ్య భాగం) మీద చెయ్యి పెట్టలేకపోయాను. గ్రీజు కరిగి రిమ్ము మీదకు కారింది. బేరింగు నకిలీదంటారా?

హబ్బుల_చిన్నా | మార్చి 9, రాత్రి 8:50

బేరింగును నిందించకండి, నట్టును ఉరి బిగించారు. ఇవి ఏటవాలు రోలర్ల బేరింగులు. వీటికి వేలు గోరంత సందు కూడా అక్కరలేదు, కానీ ఊపిరాడాలి. చక్రాన్ని చేత్తో తిప్పుతూ నట్టు బిగించండి. చక్రం బరువుగా తిరగడం మొదలైందా, అక్కడ ఆగి నట్టును ఆరో వంతు నుంచి పావు చుట్టు వెనక్కి తిప్పండి. స్ప్లిట్ పిన్ దగ్గరలోని గాడిలో పడాలి. ఇప్పుడు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమనకూడదు, తిప్పితే తేలిగ్గా తిరగాలి. ఆ పిన్ కొత్తదే వాడండి, పాతదాన్ని సాపు చేసి మళ్లీ పెట్టవద్దు.

ఒకసారి అంత వేడెక్కింది కాబట్టి విప్పి రోలర్లు చూడండి. నీలం రంగు తిరిగితే మార్చాల్సిందే. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద అచ్చొత్తిన నంబరు తీసుకెళ్లండి. ఉదాహరణకు 30211 అని ఉంటే చివరి రెండంకెలను అయిదుతో గుణించండి. 55. అంటే లోపలి రంధ్రం 55 మిల్లీమీటర్లు. ఈ లెక్క తెలిస్తే దుకాణంలో తప్పు బేరింగు అంటగట్టలేరు. గ్రీజు కూడా అరచేతిలో వేసుకుని, బేరింగు వెడల్పు అంచును దాని మీద నొక్కుతూ రోలర్ల మధ్య నుంచి అవతలికి తొంగిచూసేదాకా ఎక్కించాలి. పైన పూస్తే లోపలికి పోదు.

దాళ్వా_రైతు | మార్చి 11, ఉదయం 6:30

నీలం తిరగలేదు. చిన్నా గారు చెప్పినట్టు బిగించాను. నిన్న పది కిలోమీటర్లు తిప్పి దిగితే హబ్బు గోరువెచ్చగా ఉంది. ధన్యవాదాలు. అరచేతిలో గ్రీజు వాసన మాత్రం నాలుగు సబ్బులకు పోలేదు.

టైర్లు 9.00-16. కుడిది గీతలు ఇంకా బాగున్నాయి. ఎడమది ఎలాగూ మార్చాలి. కుడిది ఉంచుకోవచ్చా? దాని మీద 1809 అని ఉంది.

హబ్బుల_చిన్నా | మార్చి 11, ఉదయం 7:15

2009లో 18వ వారం చేసిన టైరు అది. గీతలు చూసి మోసపోకండి, పక్క గోడలను చూడండి. ఎండకు సన్నగా పగుళ్లు లేచి ఉంటాయి. బరువేశాక పగిలేది అక్కడే. రెండూ మార్చండి.

ఎవరికైనా పనికొస్తుందని ఇంకో మాట. రింగుతో బిగించే రెండు ముక్కల రిమ్ములున్న ట్రాలీలకు గాలి ఎక్కించేటప్పుడు ఎదురుగా నిలబడకూడదు. రింగు సరిగ్గా కూర్చోకపోతే ఎగిరి వచ్చి తగులుతుంది. పక్కకు నిలబడి, పొడవు గొట్టంతో ఎక్కించాలి.

డల్లాస్_కాపురం | మార్చి 12, ఉదయం 11:40

నేను టెక్సాస్‌లో ఇంటి సామానుకూ పచ్చగడ్డి కోసే యంత్రానికీ అయిదడుగుల చిన్న ట్రైలర్ లాగుతుంటాను. మీ పనితో పోలిస్తే ఆటబొమ్మ. కానీ ఇక్కడ ఒక అలవాటు నాకు నచ్చింది. కొక్కెం పిన్నుతో పాటు బండికీ ట్రైలర్‌కూ రెండు గొలుసులు కడతాం, లాగుడు కడ్డీ కింద ఒకదాని మీదుగా ఇంకొకటి అడ్డంగా పోయేలా. పిన్ను ఊడినా కడ్డీ నేలకు గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఒడిలో పడుతుంది. మన ఊళ్లో మాత్రం పిన్ను బదులు ఇనుప చువ్వ ముక్క పెట్టుకుని వెళ్లేవాళ్లను కూడా చూశాను.

దాళ్వా_రైతు | మార్చి 12, మధ్యాహ్నం 12:20

ఆ చువ్వ ముక్క వాళ్లలో మేమూ ఉన్నాం అన్నా. ఈ రోజే తాళం పిన్ను ఉన్న కొత్త పిన్ను తెస్తాను. గొలుసుల మాట తమ్ముడితో చెబితే నవ్వాడు, అయినా వేయిస్తాను.

ఇందూరు_పసుపు | మార్చి 12, సాయంత్రం 6:00

నవ్వనివ్వండి. 2018 జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర పొలం పనికి వెళుతున్న ఆడకూలీల ట్రాక్టర్ ట్రాలీ మూసీ కాలువలో పడి పదిహేను మంది పోయారు. మా మేనత్త ఊరు ఆ పక్కనే. అప్పటి నుంచి మా ట్రాలీలో మనుషులను ఎక్కించడం మానేశాం. నాట్లప్పుడు ఆటోకు డబ్బులిచ్చి పంపిస్తున్నాం. దాళ్వా, మీరు కూడా రంగు కొట్టేటప్పుడు వెనక ఎర్ర రిఫ్లెక్టర్ పట్టీలు మరవకండి. చీకట్లో రోడ్డు పక్కన ఆగిన ట్రాలీ వెనక నుంచి వచ్చేవాడికి కనబడదు.

కాగితాల_పులి | మార్చి 12, సాయంత్రం 6:25

వెనక ట్రాక్టర్ నంబరు, పక్కన ట్రాలీ నంబరు కూడా. ఛాసిస్ నంబరు దొరికిందా?

దాళ్వా_రైతు | మార్చి 20, రాత్రి 9:15

దొరికింది పులి గారూ! గ్రైండరు పెట్టకుండా రంగు మెత్తబరిచే ద్రావకం పూసి, చెక్క పుల్లతో గీకుతూ పోయాను. నీలం, ఆకుపచ్చ, ఎరుపు దాటాక అడుగున మొదటి బూడిద రంగు. ముందు ఛానెల్ ఎడమ చివర అంకెలు కనబడ్డాయి. అమ్మ సుద్దముక్క తెచ్చి రుద్దితే తెల్లగా పైకి తేలాయి. ఆర్.సి.తో సరిపోయింది. నేను మొదటి రోజు గ్రైండరు పెట్టింది కుడి చివర. ఒక చేతి దూరంలో తప్పింది.

రంగు ఏది వేయాలని అమ్మను అడిగితే ఆకుపచ్చ అంది. ఎందుకంటే చెప్పలేదు.

వెల్డింగ్_మేస్త్రి | మార్చి 20, రాత్రి 9:50

అంకెల మీద మాత్రం పలచగా ఒక్క పూతే. మళ్లీ నాలుగు పొరలు ఎక్కించి మీ కొడుకును గీకించకండి. కమానును ఇరుసుకు పట్టే యు బోల్టులు కొత్తవి వేశారు కదా, మొదటి బరువు ట్రిప్పు అయ్యాక తప్పకుండా మళ్లీ బిగించాలి. పట్టీలు సర్దుకుని బోల్టులు వదులవుతాయి. దాన్ని వదిలేస్తే మధ్య బోల్టు తెగి ఇరుసు పక్కకు జరుగుతుంది.

దాళ్వా_రైతు | ఏప్రిల్ 13, రాత్రి 7:30

ఈ రోజు మొదటి ధాన్యం లోడు. బస్తాలు ఇరుసుకు కాస్త ముందుకే సర్దాం. వెనక ఎక్కువైతే కడ్డీ పైకి లేచి ట్రాక్టర్ వెనక చక్రాలు తేలికైపోతాయి కదా. చెరువు గట్టు దిగేటప్పుడు గొలుసులు గలగలమంటే మా తమ్ముడు "గంగిరెద్దులా ఉంది" అన్నాడు. హబ్బులు రెండూ గోరువెచ్చన. అమ్మ ఇంటి ముందే ఆపించి పసుపు కుంకుమ పెట్టింది, సరిగ్గా ఆ ఛాసిస్ నంబరు మీద.

వెల్డింగ్_మేస్త్రి | ఏప్రిల్ 13, రాత్రి 7:48

సంతోషం. యు బోల్టులు?

దాళ్వా_రైతు | ఏప్రిల్ 13, రాత్రి 7:51

పానా పట్టుకునే ఉన్నాను మేస్త్రి గారూ. తమ్ముడు టార్చి తెస్తున్నాడు, రాగానే కిందకు దూరుతున్నాను.